వాగు ఎత్తు చెప్పని ఊరు

ఒక వంతెనను నేను ముంచాను. కాగితాల్లో మాత్రం వాగు ముంచిందని ఉంటుంది. కాగితాలెప్పుడూ మర్యాదగా మాట్లాడతాయి. నిజానికి ఆ ఏడు వాగుకు కొత్తగా దురుద్దేశమేమీ లేదు. అది ఎప్పుడూ వచ్చినట్టే వచ్చింది, ఎప్పుడూ వచ్చినంతే వచ్చింది. దాని ఎత్తును తప్పు రాసుకున్నది నేను. అదీ చదువు రాక కాదు, చదువు వచ్చి. చేతిలో కొలతకర్ర ఉంటే లోకమంతా మనతో అంకెల్లోనే మాట్లాడుతుందనుకునే వయసు నాది. వాగు ఒడ్డుకు పోయి జనం వాగిందంతా రాసుకున్నాను గానీ, వాళ్లు వాగకుండా దాచుకున్నదేమిటో అడగలేదు.

డెబ్బైల్లో సంగతి. వరంగల్ నుంచి కేసముద్రం వైపు పోయే దారిలో ఒక వాగు. దాని పేరూ, ఒడ్డున ఉన్న ఊరి పేరూ చెప్పను. చెబితే నొచ్చుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. ఆ వాగు మీద తాతల కాలంలో తాటిమొద్దుల వంతెన ఉండేదట. వానాకాలం రాగానే మొద్దులు కొట్టుకుపోయేవి. దసరా వెళ్లాక ఇంటికొక మొద్దు చొప్పున తెచ్చి మళ్లీ పరిచేవారు. ప్రతి ఏటా పుట్టి ప్రతి ఏటా పోయే వంతెన కాబట్టి దాని మీద ఎవరికీ మమకారం లేదు.

తర్వాత నైజాం జమానాలో కమాన్ల వంతెన వచ్చింది. ఏడు కమాన్లు. డంగుసున్నంలో బెల్లం, కరక్కాయ కలిపి కట్టారని చెప్పుకునేవారు. చిన్నప్పుడు ఆ దారిన పోతూ గోడకు నాలుక ఆనించి చూసి, బెల్లం సంగతి అబద్ధమని తేల్చింది మా వాడకట్టులో నేనే. కొలతల మీద, పరీక్షల మీద నాకు ఆసక్తి అప్పటి నుంచే ఉందని దీన్నిబట్టి తెలుస్తుంది. తెలివి మాత్రం వేరే బస్సుకు వస్తానంది.

ఆ వంతెన ఎంత పేరున్నదంటే, కండక్టర్లు ఊరి పేరు పలకడం మానేసి "కమాన్, కమాన్" అని కేకేసేవారు. కాశిబుగ్గలో ఒక ఫొటో స్టూడియోవాడు పరదా మీద దాని బొమ్మ గీయించుకున్నాడు. మా అమ్మానాన్నల పెళ్లి ఫొటో ఆ పరదా ముందు తీసిందే. వెనక ఏడు కమాన్లు, కింద వాగు నీలంగా, అద్దంలా. మా వాగు ఏ రోజూ నీలంగా లేదు. ఎండాకాలం ఇసుక, వానాకాలం ఎర్రమట్టి. అయినా ఆ ఫొటో చూసినవాళ్లంతా "అచ్చం మన వాగే" అనేవారు.

అట్లాంటి వంతెనకు ఒక వరదలో రెండు కమాన్లు పోయాయి. నీళ్లు మీదెక్కి కాదు. అడుగున ఇసుక కోసుకుపోయి, కాళ్లు జారి కూలాయి. ఈ తేడాను అప్పుడు ఒక్కరన్నా పట్టించుకుంటే నాకు ఈ జ్ఞాపకం రాసే పని ఉండేది కాదు.

నేను అప్పుడే ఒక శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా చేరాను. తాత్కాలిక నౌకరి. పర్మనెంట్ చేస్తామని మాట ఇచ్చారు. మా నాన్న పోయినప్పటి నుంచి మా అమ్మ కాశిబుగ్గలో మగ్గాలవాళ్లకు నూలు కండెలు చుట్టి నన్ను చదివించింది. రాట్నం తిప్పీ తిప్పీ ఆమె కుడి భుజం వంగిపోయింది. నౌకరి వచ్చిన రోజు రాట్నం ఎత్తి అటక మీద పెట్టి, "ఇగ దీన్ని ముట్టొద్దు" అన్నాను. ఆమె పక్కింటావిడతో మాత్రం "ఏదో చిన్న పని దొరికింది పోరనికి. ఉంటదో ఊడుతదో" అంది. నాకు కోపం వచ్చింది. ఆఫీసు ఉత్తరం మీద గుర్రపుడెక్క అంత ముద్ర ఉంటే చిన్న పని అంటుందేమిటని.

కొత్త వంతెన పని మా శాఖకే వచ్చింది. దాని బాధ్యత మా డిప్టీ ఇంజనీరుది, మేమంతా డిప్టీ సారు అనే ఆయనది. నున్నటి మనిషి, నున్నటి బూట్లు. ఆయన నన్ను పిలిచి, "ఏమయ్యా, వాగు అన్నిటికన్నా ఎక్కువ వచ్చిన ఏడు నీళ్లు ఎంత ఎత్తు దాకా వచ్చాయో కనుక్కో. అయిదుగురు పెద్దమనుషులను అడిగి వేలిముద్రలు తీసుకో. దాని మీదనే వంతెన ఎత్తు ఆధారపడుతుంది" అన్నాడు. నా మీద ఆధారపడుతుందన్న మాట. ఒళ్లు పులకరించింది.

ఎండాకాలం పోయాను. ఊరి పెద్దమనుషులు అయిదుగురూ నన్ను ఒడ్డున ఉన్న ఒక గుండు దగ్గరికి తీసుకుపోయారు. ఏనుగు కూర్చున్నంత రాతిగుండు. దాని ఒంటి నిండా పసుపు గీతలు, ప్రతి గీత మీద ఒక కుంకుమ బొట్టు. వరద తగ్గిన మర్నాడు గుండుకు మొక్కి, కడుక్కుపోయిన పాత గీతలు దిద్ది, కొత్త గీత పెట్టడం అక్కడి ఆనవాయితీ. ఆ పని ఒడ్డు మీది మొదటి గుడిసెలో ఉండే ఒక అవ్వది. ఆమెకు ముందు ఆమె అత్తది.

"రెండు కమాన్లు కూలిన యేడు నీళ్లు ఎందాక వచ్చినయే?" అని అడిగాను.

అయిదుగురూ అవ్వ వైపు చూశారు. అవ్వ అన్నిటికన్నా పైనున్న గీత వైపు చూసింది. ఎవరూ నోరు విప్పలేదు. నేను ఆ మౌనాన్ని పెద్దరికం అనుకున్నాను. గీతకు ఆనించి కర్ర పెట్టి, అంకె గట్టిగా చదివి, పుస్తకంలో రాసి, అయిదు వేలిముద్రలు తీసుకున్నాను. అవ్వ మజ్జిగ ఇచ్చింది. ఇంత చక్కటి సాక్ష్యం ప్రపంచంలో ఏ నదీ ఇచ్చి ఉండదనుకుంటూ తాగాను.

డిప్టీ సారు ఒకసారి వచ్చాడు. జీపు దిగలేదు. నా అంకె చూసి, దూరంగా ఉన్న పాత వంతెనను చూసి నవ్వాడు. "నీళ్లు ఇక్కడికే వస్తే అంత ఎత్తు కట్టారెందుకయ్యా? పాతకాలంవాళ్లకు లెక్కలు రావు. సున్నం ఊరికే వచ్చింది, కట్టారు" అన్నాడు. నేను కూడా నవ్వాను. ఈ నవ్వును గుర్తు పెట్టుకోవద్దని ముప్పై ఏళ్లుగా ప్రయత్నిస్తున్నాను. ఆయన నా అంకె మీద మూరెడు కలిపి, రిపోర్టు చివర "స్వయముగా పరిశీలించితిని" అని రాసి సంతకం పెట్టాడు.

పాత వంతెనకు కొంచెం దిగువన కొత్త వంతెన లేచింది. సిమెంటుది, తిన్ననిది, పొట్టిది. పని అయిపోయిన రోజు అవ్వ వచ్చి చాలాసేపు చూసింది.

"గింతేనా బిడ్డా?"

"గింతే అవ్వా. నీ గీత కంటె మూరెడు ఎక్కువనే పెట్టినం."

కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "మంచిగున్నది పో" అని వెళ్లిపోయింది. ఆ మాటను నేను మెచ్చుకోలుగా తీసుకుని మా అమ్మకు కూడా చెప్పాను.

మొదటి వానాకాలం కరువు. రెండోది అసలైనది. మూడు రోజులు ఎడతెరపి లేకుండా కురిసి, నాలుగో రోజు పొద్దున తెరిపి ఇచ్చింది. నేను వరంగల్ నుంచి బస్సులో బయల్దేరాను. వంతెన రాకముందే బస్సు ఆగింది. ముందు ఎడ్లబండ్లు, సైకిళ్లు, జనం. దిగి ముందుకు పోయి చూస్తే వంతెన లేదు.

దారి తప్పి ఇంకో చోటికి వచ్చామేమో అనుకున్నాను. నమ్మండి, నిజంగానే అనుకున్నాను. పక్కన ఉన్న మనిషిని "ఇది కమానేనా?" అని అడిగాను. అతను నా ముఖంలోకి చూసి, "కమానే. గదిగో" అని ఎగువకు చెయ్యి చూపాడు.

పాత వంతెన మిగిలిన అయిదు కమాన్లతో నీళ్ల మీద నిలబడి ఉంది. భుజాలు కూడా తడవలేదు. దాని కింద నుంచి పారిన ఎర్రనీళ్లు దిగువకు వచ్చి, నా వంతెన ఉండవలసిన చోట ఒక మడత పడి, మళ్లీ పారుతున్నాయి. ఆ మడతలోంచి కటకటాల పైపులు నాలుగు, దువ్వెన పళ్లలాగా తేలి ఉన్నాయి. వాటికి ఒక తుమ్మచెట్టు వేళ్లతో సహా చిక్కుకుని కొట్టుకుంటోంది. అంతమంది మధ్య బురదలో కూర్చుండిపోయాను. ఒకాయన నేను వరదకు ఏదో పోగొట్టుకున్నాననుకుని, "ఫికర్ చేయకు తమ్మీ, పానం మంచిగుంటే చాలు" అని వీపు నిమిరాడు. ఊరివాళ్లు ముందు రాత్రే మెరకకు చేరారు కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు, అదొక్కటే అదృష్టం. నీళ్లు తీసినాక చూస్తే నడిమి స్లాబు పక్కకు జరిగి, మెడ పట్టేసిన మనిషిలా వాగువైపు వాలి ఉంది.

నాకు అర్థం కాలేదు. గీత ఉంది. గీతకు మూరెడు పైన వంతెన ఉంది. మరి నీళ్లు ఎక్కడి నుంచి వచ్చాయి?

వరద తగ్గిన మర్నాడు గుండు దగ్గర అవ్వ కనిపించింది. ఒక చేతిలో పసుపు గిన్నె. గుండు మీద నురగ, గడ్డిపరకలు అంటుకుని, నీళ్లు ఎంతవరకు వచ్చాయో స్పష్టంగా తెలుస్తోంది. కొసన నుదురంత జాగా మాత్రమే తడవలేదు. అవ్వ గుండు పక్కన మెట్టురాయి ఎక్కి, ఆ మరక తన నెత్తికి సమంగా వచ్చేట్టు నిలబడింది. నెత్తి మీద చెయ్యి పెట్టుకుని చూసుకుంది. తర్వాత వంగి, గుండు మీద తన మోకాలి ఎత్తున పసుపు గీత గీసింది. బొట్టు పెట్టి దండం పెట్టింది.

"అవ్వా. నీళ్లు గా మరక దాంక వచ్చినయి గద."

"వచ్చినయి."

"మరి గీత గీడ గీస్తానవేంది?"

ఆమె నన్ను వింతగా చూసింది. అన్నం ఎందుకు తింటున్నావని అడిగినట్టు. "వాగమ్మకు ఎత్తు చెప్తరా బిడ్డా? నువ్వు గింత వచ్చినవని చెప్పినమనుకో, వచ్చేయేడు గంతకంటె ఎక్కువొచ్చి చూపిస్తది. నెత్తి దాంక వస్తే మోకాలు దాంకనే అనాలె. మా అత్త అట్లనే గీసేది."

"అన్ని గీతలూ గంతేనా?"

"అన్ని గంతే."

"నేను కర్ర పెట్టి చదివినప్పుడు చెప్పలేదేందే?"

"నువ్వు అడగలేదు గదరా. నువ్వే చదువుకున్నవ్, నువ్వే రాసుకున్నవ్. వాగు ముంగట నిలవడి అంత గట్టిగ చదువుతాంటే నాకే భయమైంది."

ఇక్కడ నా అజ్ఞానానికి సాకు లేదు. నేను వేరే దేశంవాణ్ని కాదు. గొర్లకాపరిని ఎన్ని గొర్లున్నాయని అడిగితే "ఏదో నాలుగున్నయి" అంటాడని నాకు తెలుసు. పంట బాగా వచ్చిన రైతు "గింజ రాలింది, అంతే" అంటాడనీ తెలుసు. పసిపిల్లను తూకం వేయనియ్యరు. తింటున్నవాడి ముద్దలు లెక్కపెట్టనియ్యరు. మా అమ్మ నా నౌకరిని చిన్న పని అన్నదెందుకో, అదిగో, ఆ గుండు ముందు నిలబడితే అర్థమైంది. ఊరు ఊరంతా మంచినీ చెడునూ మోకాలు దాంకనే చెబుతుంది. మిగతాది విన్నవాడు కలుపుకోవాలి. ఈ నేల మీదే పుట్టి, ఆ మాటలే తిని పెరిగి, నేను మోకాలి దగ్గర కర్ర పెట్టాను.

వారం తిరగకుండా మెమో వచ్చింది. డిప్టీ సారు రాసింది. వర్క్ ఇన్‌స్పెక్టర్ అసలు వాగు దగ్గరికే పోలేదు, ఖాళీ కాగితాల మీద వేలిముద్రలు తీసుకున్నాడు, వంతెన మునిగాక తప్పు కప్పిపుచ్చుకోవడానికి తానే పసుపు తెచ్చి బండకు గీతలు గీశాడు. ఈ చివరి మాట నాలుగుసార్లు చదివాను. గీతలు నేను గీశానట. తిట్టు అనుకుందామంటే అందులో ఒక ఊహాశక్తి కూడా ఉంది. హైదరాబాద్ నుంచి పెద్ద సారు విచారణకు వస్తాడనీ, రుజువైతే నౌకరి ఉండదనీ కింద రాసి ఉంది.

మెమో మా అమ్మకు చూపించలేదు. ఆమెకు చదువు రాదు కాబట్టి చూపించినా ఫర్వాలేదు, కానీ నా ముఖం చదవడం వచ్చు. ఆ సాయంత్రం నేను ఇంటికి వచ్చేసరికి అటక కింద ఎత్తుపీట వేసి ఉంది. పీట మీద నిలబడితే రాట్నం అందుతుంది. "దుమ్ము దులుపుదామని వేసిన" అంది అమ్మ.

మర్నాడే అవ్వ దగ్గరికి పోయాను. వాకిట్లో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. జరిగింది చెప్పాను. పెద్ద సారు అడిగితే గీతలు నువ్వే గీశావని, నీళ్లు నిజంగా ఎంతవరకు వచ్చాయో చెప్పమని బతిమాలాను.

"గీసింది నేనే అంటే, ఎందుకు గాడ గీసినవని అడుగుతడు."

"అడుగుతడు."

"అప్పుడు ఎత్తు చెప్పాలె."

"చెప్పాలె అవ్వా. ఒక్కపాలి."

"నీ నౌకరి కోసం నా ఊరు ముంచమంటానవా కొడుకా?"

ఆమె హేళన చేయడం లేదు. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. చింతపండు చేతులతో తుడుచుకోబోయి, మండుతుందని ఆగి, అట్లాగే వదిలేసింది. అక్కడి నుంచి మిగతా పెద్దమనుషుల ఇండ్లకు పోయాను. అయిదుగురూ కల్లు పోయించారు, కుశలం అడిగారు, విచారణ మాట ఎత్తగానే ఆకాశం వైపు చూసి మబ్బు పట్టిందన్నారు.

విచారణ రోజు ఊరంతా గుండు దగ్గర చేరింది. పెద్ద సారు బక్కగా, నెరిసిన తలతో ఉన్నాడు. జీపు ఆగీ ఆగకముందే దిగి, ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి బురదలోకి నడిచాడు. డిప్టీ సారు ఫైలు పట్టుకుని, పొడిగా ఉన్న చోటు వెతుక్కుంటూ వెనక వచ్చాడు.

పెద్ద సారు గుండు చుట్టూ తిరిగి చూశాడు. "ఈ ఏటి గీత వంతెన కంటె కిందికి ఉంది. నీళ్లు మాత్రం వంతెన మీది నుంచి పోయాయి. ఈ గీతలు ఎవరు గీశారు?" అని అడిగాడు.

వేలిముద్ర వేసిన అయిదుగురూ తమ వేళ్లు చూసుకుంటున్నారు. రెండు పూటలు వాళ్లతో కల్లు తాగినవాణ్ని, ఒక్కరన్నా నా వైపు చూడలేదు. డిప్టీ సారు ఫైలు తిప్పి, "నేను మనవి చేసింది ఇదే సార్. పసుపు ఇంకా కొత్తగానే ఉంది" అన్నాడు. నేను నిలబడ్డ చోటే నన్ను పాతిపెట్టినట్టయింది. అటక, ఎత్తుపీట కళ్ల ముందు కనిపించాయి.

"నేనే గీసిన" అంది అవ్వ.

జనం జరిగి ఆమెకు తోవ ఇచ్చారు. పెద్ద సారు ఆమె దగ్గరికి వచ్చి, "నువ్వా అమ్మా? అక్కడెందుకు గీశావు? నీళ్లు అంతకంటె పైకి వచ్చాయి కదా?" అన్నాడు.

"ఎత్తు నేను చెప్ప సారు. నన్ను కోసినా చెప్ప."

డిప్టీ సారు నవ్వాడు. అవ్వ ఆయన్ను చూడలేదు. పెద్ద సారునే చూస్తూ, ఇంటికి వచ్చిన చుట్టంతో కష్టసుఖాలు చెప్పుకున్నట్టు మొదలుపెట్టింది.

"వాగు సంగతి నాకు తెల్వదు. నా కోడి సంగతి చెప్త. మొన్న నా కోడి పొదుగుల ఉండె. నా గుడిసెల అటక మీద గంపల కూసోబెట్టిన. పదకొండు గుడ్లు. తెల్లారి చూస్తే కోడి లేదు, గంప లేదు. అటక మీద బురద ఉన్నది. గంతే. నేను ఇంకేం చెప్ప."

పెద్ద సారు తల ఊపాడు. తర్వాత మెల్లగా అడిగాడు. "రెండు కమాన్లు పడిపోయిన ఏడు?"

"ఆ యేడు పిల్లి ఉండె. పిల్లలు పెట్టింది. అదే అటక మీద."

"అవీ పోయినాయా?"

"పోయినయి సారు. తల్లి ఎట్లనో బతికింది."

అప్పటిదాకా వేళ్లు చూసుకుంటున్న అయిదుగురిలో ఒకాయన గొంతు సవరించుకున్నాడు. బండిచక్రాలు చేసే ముసలాయన. ఊరంతా చిచ్చా అని పిలుస్తారు. "సాబ్, మా ఇంట్ల దీపం గూడు ఉన్నది. మా నాయన జమానాది. జర వచ్చి చూడుండ్రి. నేను వాగు గురించి ఏం అంటలేను. గూట్ల ఇసుక ఉన్నది, గదే చెప్తాన" అన్నాడు. వెనక నుంచి ఇంకొకరు, "మా మామ తలపాగ చిలక్కొయ్యకు ఉండె" అన్నారు. ఒక ఆడమనిషి, "మా ఉట్టి మీది పాలకుండ" అంది. అందరూ కోళ్ల గురించి, కుండల గురించి, తలపాగల గురించి మాట్లాడారు. వాగు మాట ఒక్కరూ ఎత్తలేదు.

పెద్ద సారు నా వైపు తిరిగి, "కర్ర తీసుకో బాబూ" అన్నాడు.

ఇంటింటికీ తిరిగాం. నేను అటక దగ్గర, గూడు దగ్గర, చిలక్కొయ్య దగ్గర కర్ర పెట్టాను. ఈసారి అంకె గట్టిగా చదవలేదు. పెద్ద సారు చెవిలో చెప్పాను, ఆయన రాసుకున్నాడు. అన్ని అంకెలూ బెత్తెడు తేడాలో ఒక్కటే. కాగితం మీద వాటిని చూశాక తెలిసింది. నేను వంతెన కట్టించింది వాగు మీద కాదు, వాగు లోపల.

తిరిగి గుండు దగ్గరికి వచ్చాక పెద్ద సారు ఫైలు అడిగి తీసుకుని, చివరి పేజీ తెరిచాడు. "స్వయముగా పరిశీలించితిని అని రాశారు. మంచిది. ఈ అవ్వ ఇల్లు చూపించండి" అన్నాడు. అప్పుడే ఆ ఇంట్లోంచి వచ్చాం. డిప్టీ సారు మాత్రం వాకిలి దాకా రాలేదు, బురద అని దూరంగా ఆగాడు. ఆయన కాసేపు వెతికి, ఒక పెంకుటిల్లు వైపు చెయ్యి చూపాడు. అది బడి.

నా నౌకరి నిలబడింది. ఇకముందు జాగ్రత్తగా ఉండవలెనని ఒక కాగితం, రెండేళ్ల తర్వాత పర్మనెంట్ చేస్తూ ఇంకొక కాగితం వచ్చాయి. మా అమ్మ రెండో కాగితం చేత్తో తడిమి చూసి, పక్కింటావిడతో "ఏదో నడుస్తాంది" అంది. ఈసారి నాకు కోపం రాలేదు. ఆమె నెత్తి దాకా సంతోషంగా ఉందని లెక్క కట్టుకున్నాను.

డిప్టీ సారుకు బదిలీ అయింది. అక్కడితో కథ అయిపోతే ఇది నీతికథ అయ్యేది. ఎనభైల్లో ఆ వాగు మీద ఎత్తు వంతెన మంజూరైనప్పుడు ఆయన ప్రమోషన్‌తో తిరిగి వచ్చి నా నెత్తి మీదనే కూర్చున్నాడు. పెద్ద సారు అప్పటికి రిటైరైపోయాడు. కొత్త వంతెన బ్రహ్మాండంగా లేచింది. పాత కమాన్ల కంటె నిలువెత్తు పైకి. దాని కాలి మీద అడుగుల అంకెలు వేయించాం, ఏటా నీళ్లు ఎంత వచ్చాయో చదువుకోవడానికి. మర్నాటికి పై అంకెల మీద ఎవరో పసుపు దట్టంగా పూసి కనపడకుండా చేశారు. ఎవరని నేను విచారించలేదు.

ప్రారంభం రోజు మైకు ముందు మా సారు మాట్లాడాడు. నేను పూలదండల బుట్ట పట్టుకుని కింద నిలబడ్డాను. "ఈ ప్రాంత ప్రజలు వరద ఎత్తును తక్కువ చేసి చెబుతారని మొట్టమొదట కనిపెట్టింది నేనే. ప్రతి ఇంటికీ నేను స్వయంగా తిరిగాను. ఒక ముసలమ్మ కోడి ఎంత ఎత్తు నుంచి కొట్టుకుపోయిందో నా చేతులతో కొలిచాను" అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. బుట్ట నా చేతుల్లోంచి జారి దండలన్నీ దుమ్ములో పడ్డాయి. అట్లా నిర్ఘాంతపోవడం వంతెన మునిగిన రోజు కూడా జరగలేదు.

పక్కన నిలబడ్డ అవ్వ నా మోచేయి గిల్లింది. "గీయన ఎవరింటికి వచ్చిండురా?"

"నీ ఇంటికేనట."

"నా ఇంటికి వచ్చింది వాగు ఒక్కటే" అంది అవ్వ, దండలు ఏరి బుట్టలో వేస్తూ.

ప్రారంభం నాటికి శిలాఫలకం రాలేదు. చెక్కేవాడు ఆలస్యం చేశాడు. నెల తర్వాత వచ్చింది. నల్లరాయి మీద తెల్ల అక్షరాలు. మధ్యలో మా సారు పేరు, దాని వెనక తోకలాగా ఆయన డిగ్రీలు. నా పేరు ఉంటుందని నేను ఆశపడలేదు. అవ్వ కోడికైనా చోటిస్తారేమో చూశాను, లేదు. సారు అప్పటికి వేరే జిల్లాలో ఉన్నాడు. ఒక చీటీ పంపాడు. "ఫలకమును ఎక్కువ రాకపోకలు గల వైపున బిగించవలెను."

నేను ఆజ్ఞ తప్పని మనిషిని. మూడు రోజులు పనిగట్టుకుని కూర్చుని రాకపోకలు పరిశీలించాను, ఈసారి స్వయంగా. వంతెన మీది నుంచి బస్సులు, బండ్లు ఆగకుండా పోతున్నాయి. ఎవరూ దేన్నీ చదవడం లేదు. కింద, వంతెన మొదటి కాలు పక్క నుంచి నీళ్లలోకి దిగే బాట మీద మాత్రం పొద్దునా సాయంత్రం ఊరి బర్రెలన్నీ నిమ్మళంగా నడిచి పోతున్నాయి. రాకపోకలంటే అవి. మేస్త్రీకి చెప్పి ఆ కాలికే, బర్రె నడుమంత ఎత్తున, ఫలకం గట్టిగా బిగించాను.

వానాకాలంలో మా సారు పేరు నీళ్ల కింద ఉంటుంది. మిగతా రోజులు బర్రెలు దిగేటప్పుడు ఒకసారి, ఎక్కేటప్పుడు ఒకసారి ఆగి, దానికి వీపు గోక్కుని పోతాయి. మొదట డిగ్రీలు అరిగాయి. ఒకసారి ఆఫీసులో ఫోను చేసి సారు అడిగాడు, ఫలకం బిగించావా, జనం చూస్తున్నారా అని.

"రోజుకు రెండుసార్లు సార్" అన్నాను. "ఆగి, ఒరుసుకుని మరీ పోతున్నరు."